ప్రాపర్ ఛానెల్ బజరు

మాది వర్షపాత నమోదు శాఖ. వాన కురిపించడం మా పని కాదు, కురిసిన వానను రాసుకోవడం మా పని. ఆ శాఖ జిల్లా కార్యాలయం ఒంగోలులో ఉంది. ఒంగోలు వానల సంగతి మీకు తెలియంది కాదు కాబట్టి మాకు తీరిక ఎక్కువ. తీరిక ఎక్కువైన చోట నియమాలు పుట్టగొడుగుల్లా పుడతాయి. కాదనేవాళ్లెవరైనా ఉంటే మా ఆఫీసులో ఓ పూట కూచుని చూడమనండి.

నా పేరు భుజంగరావు, సీనియర్ అసిస్టెంటుని. ఆదివారం మాత్రం నేను వేరే మనిషిని. వంటింటి గట్టుకు ఓ చివర సోల్డరింగ్ ఐరన్ పెట్టుకుని చిన్న చిన్న ఎలక్ట్రానిక్ డబ్బాలు చేసుకుంటూ ఉంటాను. పాలు పొంగితే కూసే డబ్బా ఒకటి చేశాను. అది పాలు పొంగిపోయాక కూస్తుందని మా ఆవిడ విశాలాక్షి వచ్చిన చుట్టాలందరికీ చెబుతుంది. చెప్పనివ్వండి. ఎవరినీ అడక్కుండా, ఎవరి సంతకమూ లేకుండా నేను చేసే పని లోకంలో అదొక్కటే. అది కూడా ఆఫీసులోకి తీసుకెళ్లాను చూడండి, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

కథంతా క్విజ్‌తో మొదలైంది. ఏటా శాఖ ఆవిర్భావ దినోత్సవానికి మా సిబ్బందికి క్విజ్ పెడతారు. జవాబు తెలిసినవాళ్లు చెయ్యెత్తాలి, ముందు ఎత్తినవాళ్లు చెప్పాలి. పోయిన ఏడాది ఎవరు ముందు ఎత్తారన్న దాని మీద పెద్ద రభస అయింది. మా సూపరింటెండెంటు మార్తాండరావు గారు, తాను ఎత్తబోతున్న సంగతి అందరికీ ముందే తెలుసు కనుక తానే ముందని వాదించారు. ఆ వాదన సబబుగానే ఉందని పెద్దలు తేల్చి స్టీలు క్యారియరు ఆయన చేతిలో పెట్టారు.

ఈ ఏడు స్టీలు క్యారియరు లేదు. రాజధానిలో ఉండే మా డైరెక్టరుగారికి ఉన్నట్టుండి ప్రతిభ మీద ప్రేమ పుట్టింది. క్విజ్‌లో మొదటి స్థానం వచ్చిన ఉద్యోగికి కోరుకున్న చోటికి బదిలీ ఇస్తామని సర్క్యులర్ పంపారు. మా వాళ్లలో చాలామందికి ఎక్కడికీ వెళ్లాలని లేదు. సొంత ఇళ్లు ఇక్కడే, చిట్టీలు ఇక్కడే. ఆ సర్క్యులర్ మళ్లీ మళ్లీ చదువుకున్నవాడు ఒక్కడే, దాలినాయుడు.

దాలినాయుడు మా ఆఫీసులో అందరికంటే జూనియరు. ఊరు పార్వతీపురం దగ్గర. భార్య అక్కడి ఆస్పత్రిలో నర్సు, చంటిపిల్ల ఆవిడ దగ్గరే ఉంటుంది. శనివారం సాయంత్రం ఆఫీసు నుంచే రైలెక్కుతాడు, సోమవారం పొద్దున స్టేషన్ నుంచే భుజాన సంచితో ఆఫీసుకొస్తాడు. బదిలీ కోసం వాడు పెట్టుకున్న అర్జీ ఏ బల్ల మీద పరిశీలనలో ఉందో ఆ బల్లకే తెలియాలి. ఆ రోజు మధ్యాహ్నం క్యారియరు విప్పుతూ నాతో అన్నాడు.

“మా పాప నన్ను రైలు మావయ్యంటాదండి, గురువుగారూ. నాన్న కదమ్మా అని ఆల్లమ్మ సెప్తే, కాదు, నాన్న ఫోన్లో కదా ఉంటాడు అంటాది.”

అని నవ్వాడు. రైల్లో పోయే వచ్చే గంటలన్నీ వాడు జనరల్ నాలెడ్జి పత్రికలు నమిలి మింగుతున్నాడు, జవాబులు వాడికి తెలుసు. కానీ చివరి వరసలో కూచునే జూనియరు చెయ్యి ఎత్తితే, ముందు కూచున్న పెద్దల తలకాయలు దాటి అది ఎవరికి కనపడుతుంది? అందుకే నోరు జారాను. ఎవరు ముందు నొక్కితే వాళ్ల దీపం వెలిగి, మిగతావి మూసుకుపోయే బజరు డబ్బా ఒకటి ఆదివారం చేసుకొస్తానన్నాను.

చేసుకొచ్చి బల్ల మీద పెట్టేస్తే పోయేది. మార్తాండరావు గారు నోట్ పెట్టమన్నారు, పెట్టాను. అందులో నేను చేసిన ఘోరం ఏమిటంటే, రెండు దారులు రాశాను. ఈ డబ్బా మైక్రోకంట్రోలర్‌తో చేయవచ్చును, లేదా ప్రోగ్రామబుల్ లాజిక్‌తో చేయవచ్చును, తగు ఉత్తర్వులు ప్రార్థిస్తున్నాను అని రాశాను. సర్కారు ఆఫీసులో ఒక దారి చూపిస్తే సంతకం పెడతారు. రెండు దారులు చూపిస్తే కమిటీ వేస్తారు. ఇన్నేళ్ల సర్వీసు ఉండి ఆ మాత్రం తెలియకపోతే నన్నేమనాలి.

కమిటీకి మా డిప్యూటీ డైరెక్టరు వకుళాదేవి గారు అధ్యక్షురాలు. మార్తాండరావు గారు కన్వీనరు. ఉద్యోగుల సంఘం తరఫున కార్యదర్శి ఇమ్మానుయేలు కూచున్నాడు. నన్ను విషయ నిపుణుడన్నారు, అంటే టీలు వచ్చేదాకా మాట్లాడాల్సినవాణ్ణన్నమాట.

వీలైనంత తేలిగ్గా చెప్పాను. మైక్రోకంట్రోలర్ అంటే ఒకే ఒక గుమాస్తా అనుకోండి. మొదటి బటన్ నొక్కారా అని చూస్తాడు, తరవాత రెండోది, తరవాత మూడోది, అలా చివరిదాకా చూసి మళ్లీ మొదటికొస్తాడు. వరస తప్పడు, చెప్పింది తప్ప చేయడు. ప్రోగ్రామబుల్ లాజిక్ అంటే అలా కాదు. బటన్‌కొక గుమాస్తాను పెట్టుకున్నట్టు. అందరూ తమ తమ బటన్‌ని ఒకేసారి చూస్తూ ఉంటారు. చిన్న డబ్బాకి మొదటిదే చాలు, తేలిక, ఇంట్లో ఉంది కూడా. రెండోది నేర్చుకోవాలని నాకు ఎప్పటినుంచో సరదా, అందుకని రాశాను, అంతే.

మేడమ్‌గారు కళ్లజోడు తీసి, ఆ గుమాస్తా ముందు ఎవరి బటన్ చూస్తాడని అడిగారు. నాకు అప్పుడే ఎడమకన్ను అదిరింది. ఎవరిదైనా ఒకటే మేడమ్, మనం కన్నార్పేలోపు అతను అందరినీ వెయ్యిసార్లు చుట్టి వస్తాడు, మనిషి వేలికి ఆ తేడా తెలియదు అన్నాను. ఆవిడ అదంతా విన్నట్టు లేరు. మార్తాండరావు గారు విన్నారు, విని లేచి నిలబడ్డారు.

“సీనియారిటీ జాబితా అనేది ఒకటున్నదన్న సంగతి విషయ నిపుణులవారు విస్మరించినట్టున్నారు. మేడమ్‌గారి బటన్ మొదట, అనంతరం నాది, తదుపరి జాబితా ప్రకారం. అట్లా కాక యంత్రం తన ఇష్టానుసారం చూచినచో రేపు ఆడిట్‌లో సమాధానం చెప్పవలసినది మనమే.”

సరేనన్నాను. వరస ఎలా ఉన్నా దాలినాయుడికి నష్టం లేదని నాకు తెలుసు కదా. నేనే తెలివైనవాణ్ణనుకుని లోపల నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. మార్తాండరావు గారికి ఇంటికెళ్లాక అనుమానం వచ్చింది. కన్నార్పేలోపు అందరినీ చూసేస్తే ఇక సీనియారిటీ ఉండీ ఏం లాభం? మర్నాడు పదిగంటలకల్లా మెమో నా బల్ల మీదికొచ్చింది. కార్యాలయంలో ఏ ఫైలయినా ఒక్కొక్క అధికారి బల్ల వద్ద సముచిత కాలం ఆగుట ఆచారమైయున్నది, కావున సదరు యంత్రము కూడా ఒక్కొక్క బటన్ వద్ద ఆ అధికారి హోదాకు తగినంత సమయము వేచియుండునట్లు ఏర్పాటు చేయవలెను అని రాశారు.

కన్నార్పేలోపు వెయ్యి చుట్లు తిరిగే గుమాస్తా కాళ్లకు బండరాళ్లు కట్టాను. మరేం చేస్తాను, మెమో అది. మేడమ్‌గారి బటన్ దగ్గర ఓ గుక్కెడు టీ తాగేంతసేపు, మార్తాండరావు గారి దగ్గర అంతకు కాస్త తక్కువ, అలా దిగుతూ దిగుతూ చివర దాలినాయుడి దగ్గర అసలు ఆగకుండా పోయేలా ప్రోగ్రాం రాశాను. మీటింగ్ హాల్లో పరీక్ష పెట్టారు. ప్రశ్న చదవగానే దాలినాయుడు నొక్కాడు. నొక్కి పట్టుకునే ఉన్నాడు. డబ్బా మేడమ్‌గారి దగ్గర నిలబడింది. ఆవిడ నొక్కలేదు. మార్తాండరావు గారి దగ్గరికొచ్చి నిలబడింది. ఆయన అప్పటికి ప్రశ్న అర్థం చేసుకుని, పక్కవాణ్ణి జవాబు అడిగి తెలుసుకుని, తాపీగా నొక్కారు. ఆయన దీపం వెలిగింది. హాలంతా చప్పట్లు. డబ్బాకు మర్యాద తెలుసని మేడమ్‌గారు మెచ్చుకున్నారు.

దాలినాయుడు వేలు ఇంకా బటన్ మీదే ఉంది. నేను వెళ్లి తీయమని చెప్పాల్సి వచ్చింది.

ఇమ్మానుయేలు ఆ సాయంత్రమే సంఘం మీటింగ్ పెట్టాడు. మనిషి మంచివాడే, కానీ ఏ విషయానికైనా బ్యానరు రాయించనిదే నిద్రపోడు. నన్ను పక్కకు పిలిచి అడిగాడు.

“ఏందన్నా ఇది? కింద కూచునేవాడు ఎంత నొక్కినా పైవాడు దిగొచ్చేదాకా దీపం వెలగదంటే ఎట్టా? ఆ రెండోదేదో చెప్పావే, అందరినీ ఒక్కసారే చూస్తదని, అది మాకు కావాల.”

మర్నాడు మధ్యాహ్నం భోజన విరామంలో గేటు దగ్గర ధర్నా. ప్రోగ్రామబుల్ లాజిక్ మా జన్మహక్కు అని బ్యానరు. దాని అర్థం ఏమిటని అటెండరు అడిగితే, అడిగి సాధించుకున్నాక తెలుస్తుందని ఇమ్మానుయేలు చెప్పాడట. రోడ్డు మీద పోయేవాళ్లు మా జీతాలేవో ఆగిపోయాయనుకుని జాలిపడి పోయారు. యాజమాన్యం తరఫున మార్తాండరావు గారు మైక్రోకంట్రోలర్ పరిరక్షణ గురించి నోటీసు బోర్డులో ఒక ప్రకటన అంటించారు. ఆ రెండు చిప్పుల్లో ఏది నల్లగా ఉంటుందో, ఏది చదరంగా ఉంటుందో ఈ ఇద్దరిలో ఒక్కరూ చూసినవారు కారు.

శాంతిభద్రతల దృష్ట్యా రెండో రకం కూడా పరీక్షించమన్నారు. నాకు సంతోషమే, ఎప్పటి సరదానో తీరుతోంది. ఆ శనివారం దాలినాయుడు రైలెక్కలేదు, టిక్కెట్టు దొరకలేదట. ఆదివారం మా ఇంటికొచ్చి వంటింటి గట్టు దగ్గర నిలబడి తీగలు పట్టుకున్నాడు. విశాలాక్షి వాడికి పెసరట్టు పెట్టి, పాపకు ఎన్ని పళ్లొచ్చాయని అడిగింది. వాడు ఫోన్లో ఫొటో పెద్దది చేసి, లెక్కపెట్టి చెప్పాడు. వాడు వెళ్లాక మా ఆవిడ అట్లకాడ అక్కడ పెట్టేసి, నా వైపు తిరిగి అంది.

“ఈ డబ్బాకు ఏ మెదడు పెట్టాలా అని మీరంతా ఇంత కొట్టుకుంటున్నారే, ముందు మీ ఆఫీసులో ఉన్నవి వాడచ్చు కదండీ.”

రెండో పరీక్ష రోజున దాలినాయుడి వేలు కదలడం, దీపం వెలగడం ఒక్కసారే అయ్యాయి. మేడమ్‌గారు ఆ తరవాత నొక్కారు. ఆవిడ దీపం వెలగలేదు. మళ్లీ నొక్కారు. వెలగలేదు. మార్తాండరావు గారు గొంతు సవరించుకుని, యంత్రానికి వేగం ఉన్నది కానీ క్రమశిక్షణ లేదని అభిప్రాయపడ్డారు. తన కింద పనిచేసేవాణ్ణీ తననూ ఒకే చూపు చూసే వస్తువు ఆఫీసులో ఉండటం ప్రమాదమని మేడమ్‌గారికీ అనిపించింది. ఇమ్మానుయేలు మాత్రం విజయోత్సవం చేద్దామన్నాడు. అయితే దాలినాయుడు ముందు నొక్కితే తన దీపం కూడా వెలగదని తెలిశాక కాస్త మెత్తబడ్డాడు.

అప్పుడు రాజీ కుదిరింది. మన దేశంలో ఏ రెండింటి మధ్య ఎంపిక తేలకపోయినా రెండూ పెట్టేస్తాం కదా. ప్రోగ్రామబుల్ లాజిక్ ఎవరు నొక్కారో గ్రహించును. గ్రహించిన దానిని మైక్రోకంట్రోలర్‌కు నివేదించును. మైక్రోకంట్రోలర్ సదరు నొక్కుడును ప్రాపర్ ఛానెల్ ద్వారా పైకి పంపును. ఇదీ ఉత్తర్వు. ఏ ఫైలయినా కింది నుంచే పుట్టి పైకి కదలాలి గనుక, నొక్కడం కింది సీటు నుంచే మొదలవ్వాలి, అక్కడ నొక్కనిదే పైబటన్లు పనిచేయకూడదు అన్నారు. పైవాళ్ల ముందు రెండు బటన్లు పెట్టమన్నారు. ఒకటి స్వీకరణ, అంటే ప్రశ్నను తానే తీసుకుని జవాబు చెప్పడం. రెండోది ఫార్వర్డ్, అంటే పైకి పంపడం. ఆఫీసులో మేడమ్‌గారికి పైన ఎవరూ లేరు కాబట్టి ఆవిడకు ఫార్వర్డ్‌కు బదులు, తగు చర్య నిమిత్తం క్రిందికి అనే బటన్ ఇచ్చారు.

దీని అర్థం దాలినాయుడికి నేను విడమరిచి చెప్పాను. నువ్వు నొక్కుతావు, పైవాళ్లలో ఎవరికి బుద్ధి పుడితే వాళ్లు నీ ప్రశ్నను లాక్కుని జవాబు చెబుతారు, నీ దాకా రాదురా నాయనా అన్నాను. వాడు తల దించుకుని విన్నాడు. ఆ రోజు మాత్రం గురువుగారూ అనలేదు. మరేటి సేస్తామండి, నొక్కుతాను అన్నాడు. నా చేతులతో నేనే ఆ పిల్లాడి దారికి అడ్డంగా గోడ కట్టానే అని ఆ వారమంతా బాధపడ్డాను.

ఆవిర్భావ దినం వచ్చింది. మామిడి తోరణాలు, షామియానా, వాన రాకుండా పైన టార్పాలిన్. వర్షపాత శాఖకు వాన భయమేమిటని అడక్కండి. ప్రశ్నలడగడానికి దగ్గర్లోని డిగ్రీ కాలేజీ నుంచి ఒక లెక్చరరు వచ్చాడు. డబ్బా అప్పటికి హార్మోనియం పెట్టె అంతయింది. దాని వెనక నేను కూచున్నాను.

మొదటి ప్రశ్న. దాలినాయుడు నొక్కాడు. వాడి దీపం వెలిగి, పైన ఇమ్మానుయేలు ముందున్న దీపం మినుకుమినుకుమంది. ఇమ్మానుయేలు దాని వంక చూశాడు. వాడి ముందు రెండు బటన్లున్నాయి. స్వీకరణ నొక్కితే జవాబు చెప్పాలి, తప్పయితే అందరిముందూ తనదే బాధ్యత. పైకి పంపితే ఏ గొడవా లేదు. ఏళ్ల తరబడి ఆ చేతికి ఏది అలవాటో అదే చేసింది. ఫార్వర్డ్. దీపం మార్తాండరావు గారి దగ్గరికెళ్లింది. ఆయన పక్కవాళ్లతో ఏదో మాట్లాడుతూనే, డబ్బా వైపు చూడకుండానే, ఫైలు మీద పొడి సంతకం గీకినట్టు ఫార్వర్డ్ నొక్కారు. మేడమ్‌గారి దీపం వెలిగింది. ఆవిడ గంభీరంగా తలూపి, తగు చర్య నిమిత్తం క్రిందికి నొక్కారు.

దీపం గబగబా మెట్లు దిగి దాలినాయుడి దగ్గరికొచ్చి నిలబడింది. వాడు నా వంక చూశాడు. నేను చెప్పరా అన్నట్టు చెయ్యి ఊపాను. వాడు లేచి చెప్పాడు. సరైన జవాబే.

రెండో ప్రశ్నా అంతే. మూడోదీ అంతే. ఎవరో ఒకరు తెలివి తెచ్చుకుని స్వీకరణ నొక్కుతారేమోనని ఒక్కొక్క వేలి వంకా చూస్తున్నాను. ఒక్క వేలూ అటు పోలేదు. చివరికి లెక్చరరు జాలిపడి, మీ శాఖకు బాగా తెలిసినదే అడుగుతానంటూ, వానను కొలిచే సాధనాన్ని ఏమంటారని అడిగాడు. జీవితమంతా దాని పక్కన గడిపిన మార్తాండరావు గారు దాన్ని కూడా పైకి పంపేశారు. మేడమ్‌గారు కిందికి పంపారు. దాలినాయుడు వర్షమాపకమండి అని చెప్పి, కూచోకుండా అలాగే నిలబడి కళ్లు తుడుచుకున్నాడు.

రెండు ప్రశ్నలకు వాడికి జవాబు తెలియలేదు, తెలియదనే చెప్పాడు. మిగతావారికి సున్నా. బదిలీ ఉత్తర్వు పార్వతీపురానికి వచ్చింది. వాడు ఆఫీసంతా పూతరేకులు పంచాడు. ఇంటికి ఫోన్ చేసి, ఈసారి సంచి కాదు, పెట్టె తెస్తానని చెప్పుకున్నాడు.

కథ ఇక్కడ ఆపితే మా ఆఫీసు గౌరవం దక్కేది. కానీ బదిలీ అవడం వేరు, రిలీవ్ అవడం వేరు. ఈ తేడా తెలియనివాడు ప్రభుత్వోద్యోగంలో చేరకూడదు. మూడోనాడు మార్తాండరావు గారి ఉత్తర్వు వచ్చింది. సదరు బజరు యంత్రము శాఖ ఆస్తుల రిజిస్టరులో నమోదైనది. అది కింది సీటు నుండి నొక్కనిదే పనిచేయదు. కింది సీటు శ్రీ దాలినాయుడుది. కావున ఆయన స్థానంలో మరొకరు వచ్చువరకు ఆయనను రిలీవ్ చేయుటకు వీలుపడదు అని రాశారు. కొత్త నియామకాల మీద నిషేధం ఉందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన చెడ్డవాడు కాదండోయ్. దాలినాయుడి భుజం తట్టి, నీవు ఇప్పుడు ఈ కార్యాలయానికి అత్యవసరమైన వ్యక్తివి, గర్వించవలెను అన్నారు.

దాలినాయుడు గర్వించలేదు. కట్టిన పెట్టె విప్పలేదు, అది తన కుర్చీ పక్కనే పెట్టుకుని దాని మీద చెయ్యేసుకుని కూచున్నాడు. పాప సంగతి అడిగితే, ఆదివారం ఫోన్లో మాట్లాడిందండి అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ ఆఫీసులో ఇన్నేళ్లు ఉండి నేను నేర్చుకున్న విద్య ఇప్పుడు కాకపోతే ఎప్పుడు పనికొస్తుంది?

ఈసారి నోట్ నేను రాశాను. రెండు దారులు రాయలేదు, ఒక్కటే రాశాను. శ్రీ దాలినాయుడు నిర్వహించుచున్న కింది సీటు బాధ్యతలను ఒక మైక్రోకంట్రోలర్‌కు పూర్తి అదనపు బాధ్యతల ప్రాతిపదికన అప్పగించవచ్చును. సదరు మైక్రోకంట్రోలర్ చెప్పిన పని చెప్పిన వరసలో చేయును, ప్రశ్నించదు, సెలవు కోరదు, సంఘములో సభ్యత్వము లేదు. ఆమోదమునకై సమర్పించడమైనది అని రాసి, ఇమ్మానుయేలు బల్ల మీద పెట్టాను. వాడు ఫార్వర్డ్ చేశాడు. మార్తాండరావు గారు ఫార్వర్డ్ చేశారు. మేడమ్‌గారు, తగు చర్య నిమిత్తం క్రిందికి, అని సంతకం పెట్టారు.

కాగితం తిరిగి నా బల్ల మీదికొచ్చింది. నేను తగు చర్య తీసుకున్నాను.

శనివారం పొద్దున దాలినాయుడు తన కుర్చీ కింద అంటించిన చిప్పుకు లాంఛనంగా ఛార్జి అప్పగించాడు. అప్పగించినవారు అన్నచోట వాడు సంతకం పెట్టాడు. స్వీకరించినవారు అన్నచోట చిప్పు దీపం ఒకసారి వెలిగి ఆరింది, ఆ సంగతి పక్కన సాక్షిగా నేను రాశాను. స్టేషన్‌కు నేనే దిగబెట్టాను. రైలు కదిలేటప్పుడు వాడు పెట్టె మీద కూచుని, నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. వదలరా, రైలు నీకోసం ఆమోదం తెచ్చుకోలేదు అని నేనే విదిలించుకున్నాను.

ఆ తరవాత సంగతులు చెప్పాలంటే, చిప్పు హాజరు పట్టీలో సంతకం పెట్టడం లేదని దానికి మెమో వచ్చింది. దాని తరఫున సంజాయిషీ నేనే రాసుకున్నాను. అది తృప్తికరంగా ఉందని ఆమోదించారు. మొన్న మార్తాండరావు గారు నన్ను పిలిచి, ఆ కింది సీటు ఉద్యోగి ప్రవర్తన చాలా బాగున్నదని, మాట తూలడం లేదని, తాను పదవీ విరమణ చేశాక తన సీటుకే దాన్ని ప్రమోట్ చేయవచ్చునేమో పరిశీలించమని అన్నారు. పరిశీలించాను. కింది సీటుకు ప్రోగ్రాం రాయడానికి నాకు ఓ పూట పట్టింది. ఆయన సీటుకు ఒక్క వాక్యం చాలు. ఆ మాట ఆయనతో అనలేదు, పెద్దాయన, నొచ్చుకుంటారు. మైక్రోకంట్రోలరా, ప్రోగ్రామబుల్ లాజిక్కా అన్నది తేల్చాల్సిన కమిటీ మాత్రం ఇంకా బతికే ఉంది. వచ్చే నెల మళ్లీ కూచుంటుంది.

నిన్న ఆదివారం. వంటింటి గట్టు దగ్గర నా పాలడబ్బా బాగుచేసుకుంటుంటే పార్వతీపురం నుంచి ఫోనొచ్చింది. ఎలా ఉన్నావురా అన్నాను. వాడు తిన్నగా జవాబు చెప్పలేదు.

“పొద్దుట్నించీ పాప నా ఎనకాలే తిరుగుతందండి, గురువుగారూ. రైలెప్పుడని అడిగింది. రైలు లేదమ్మా, ఇంక ఎల్లనమ్మా అన్నాను. అయితే నాన్నా, నాకు బూర కొనిపెట్టు అందండి.”

కొన్నావా అని అడిగాను. వాడు కొన్నానని చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ఫోన్లో వెనక నుంచి ఆ బూర ఊదుతున్న మోత వినపడుతూనే ఉంది, ఎవరి అనుమతీ లేకుండా.